బాపుకు గడ్డం గీసిన రోజు

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, మేం వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఉంటున్న భేస్తాన్‌లో మా గల్లీ సెలూన్ కూడా మూతబడింది. మా బాపు ఆదివారం ఆదివారం అక్కడే గడ్డం గీయించుకునేవాడు. ఇంట్లో రేజర్ ఉండేది కాదు. బాపు చర్మం మెత్తన, వెంట్రుక మొరటు. ఎవరు పడితే వాళ్ళు గీస్తే మెడంతా పొక్కులు లేచేవి. అందుకే సెలూన్ లేనన్నాళ్ళూ గడ్డం ముట్టుకోలేదు. జ్వరం వచ్చి, ఆయాసం పెరిగి ఆసుపత్రిలో చేర్చేనాటికి అది గుబురుగా పెరిగిపోయింది.

మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న చిన్న ఆసుపత్రి అది. పనివాళ్ళు చాలక రోగికొకరు చొప్పున ఇంటివాళ్ళను లోపల ఉండనిచ్చారు. అమ్మకూ జ్వరమే కాబట్టి నేను ఉన్నాను.

మర్నాడు పొద్దున బాపు ముక్కూ నోరూ కప్పేలా పెద్ద మాస్క్ బిగించారు. మిషన్ లోపలికి నెట్టే గాలి గడ్డం సందుల్లోంచి సుయ్‌మని బయటికి పోతోంది. సిస్టర్ పట్టీలు ఎంత బిగించినా ఆగలేదు. ఆక్సిజన్ అంకె దిగిపోతూనే ఉంది.

"దాఢీ నికాలో, జల్దీ," అంది సిస్టర్. గడ్డం తీసేందుకు తమ దగ్గర మనుషులు లేరనీ, నన్నే తీయమనీ చెప్పింది.

కింద మందుల షాపులో ఉన్న మంచి రేజర్ ధర విని, దాని పక్కనున్న ప్లాస్టిక్‌ది, ఒకసారి వాడి పారేసేది, కొన్నాను. సిస్టర్ మాస్క్ తీసి, బాపు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టింది. సబ్బు నురగ రాసి చెంప మీద రేజర్ లాగాను. రెండు బ్లేడ్ల మధ్య వెంట్రుకలు ఇరుక్కుపోయాయి. ఇంకాస్త గట్టిగా లాగాను. బాపు మూలిగి నా మణికట్టు పట్టుకున్నాడు. దవడ మీద రక్తం చిమ్మింది. మిషన్ కీచుమని మొత్తుకుంది. సిస్టర్ నన్ను పక్కకు నెట్టి మాస్క్ మళ్ళీ పెట్టేసింది.

నేను గల్లీకి పరుగెత్తాను. సెలూన్ కాకా షాపు వెనక గదిలోనే ఉంటాడు. మాది కరీంనగర్ అయితే ఆయనది జగిత్యాల. తలుపు తీసి, నన్ను చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు. విషయం చెప్పి, చేతిలో ఉన్న ప్లాస్టిక్ రేజర్ చూపించాను.

"గింత గడ్డం మీద గిది నడుస్తదా బిడ్డా!" అన్నాడు. "ముందుగాల కత్తెరతోటి మొదలు దాక కత్తిరియ్యి. గోరువెచ్చ నీళ్ళ బట్ట ఏసి నాననియ్యి."

"నువ్వే రారాదు కాకా? నాకు చేతనైతలేదు."

ఆయన వెనక్కి తిరిగి గదిలోకి చూశాడు. నేల మీద బొంతలో మనవరాలు పడుకుని ఉంది, నెలల పిల్ల.

"రాలేను బిడ్డా. నాకు భయమైతున్నది."

ఆయన మీద కోపం రాలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు. ఆయన లోపలికి వెళ్ళి ఒక్క బ్లేడు పెట్టే మామూలు రేజర్, బ్లేడ్ల ప్యాకెట్, కత్తెర తెచ్చి గడప మీద పెట్టాడు.

"సస్త బ్లేడ్లే గని మంచిగ తెగుతయ్. ఎంట్రుక ఎటు వాలితే అటే గీయి. ఒత్తకు. రేజర్ బరువే చాలు." ఎంత వంచి పట్టుకోవాలో తన చెంప మీదే చూపించాడు.

ఆసుపత్రికి తిరిగొచ్చి, ఈసారి మాస్క్ బాపు ముఖం మీద ఉండగానే, అంచుల వెంట కనిపించినంత గడ్డం కత్తిరించాను. తర్వాత సిస్టర్ కాసేపు మాస్క్ తీయడం, నేను కొంచెం కత్తిరించడం, మళ్ళీ పెట్టేయడం. మొదలు దాకా వచ్చాక తడిబట్ట వేసి నానబెట్టాను. రేజర్ పట్టుకున్నాను. బాపు మెడ శ్వాసతో ఎగిరెగిరి పడుతోంది. ఎప్పుడు ఆనించాలో తెలియక రేజర్ గాలిలోనే ఆగిపోయింది.

బాపు కళ్ళు తెరిచాడు. "నిమ్మలంగ గీయి బిడ్డా," అన్నాడు, ఒక్కో మాటకూ ఆగుతూ.

శ్వాసకూ శ్వాసకూ మధ్య ఒక్కో గీత గీశాను. బ్లేడు పట్టి లాగలేదు, జారింది. చివరికి సిస్టర్ మాస్క్ బిగించి, దాని అంచు దగ్గర చెవి పెట్టి వింది. చప్పుడు లేదు. అంకె కాసేపు అక్కడే ఆగి, మెల్లగా పైకి కదిలింది. నేను నేల మీదే కూర్చుండిపోయాను.

అప్పుడు పక్క మంచం దగ్గర నుంచి, వరాఛా అనే పేట నుంచి వచ్చిన ఆవిడ లేచొచ్చింది. వాళ్ళాయనకూ అదే మాస్క్, అదే గడ్డం. "బేన్, ఇన్‌కా భీ కర్ దో," అని, తన భర్తకూ గీయమని చేతులు జోడించింది. నేను రేజర్ కడిగి, శానిటైజర్‌తో తుడిచి, కొత్త బ్లేడు ఎక్కించాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఈసారి రేజర్ గాలిలో ఆగలేదు.

మర్నాడు ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తర్వాత ఏమైందో నాకు తెలియదు. బాపు కోలుకుని ఇంటికొచ్చాడు. చాలా నెలల పాటు మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కేవాడు. కానీ ఎక్కేవాడు.