కంపెనీ కోసేసిన రెండు చరణాలు

మసీదు మైకులో మా వీధి అన్న పోయాడని చెప్పినప్పుడు నేను నమ్మలేదు. హైవే మీద లారీ గుద్దిందట. అన్న సినిమాల్లో విలన్ పక్కన నిలబడే రౌడీ. ఇంటర్వెల్ లోపే చచ్చేవాడు, మర్నాడు ప్రత్తిపాడు సెంటర్లో టీ తాగుతూ కనపడేవాడు. ఈసారి కనపడలేదు.

మీలో చాలామందికి ఆ రౌడీగానే తెలుసు. మాకు మాత్రం ర్యాపర్. ఏ పాటైనా ముందు మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య కూర్చుని, ఫోన్లో బీటు పెట్టి పాడేవాడు. "వీళ్ల చేతులు ఆగాయంటే నేను డ్రామా చేస్తున్నట్టురా. చేతులు నడుస్తుండగానే నవ్వారంటే పాట కుదిరినట్టు" అనేవాడు. ఆ ఆడవాళ్లలో వాళ్లమ్మ కూడా ఉండేది. నేను పిన్నీ అంటాను.

సినిమావాళ్లంటే నాకు మొదట్నించీ అనుమానమే. "ఏం అన్నా, అమ్ముడుపోయావా?" అని సెంటర్లోనే నిలదీశాను.

"ఒరేయ్ కరపత్రం! అక్కడ చస్తేనేరా ఇక్కడ మైకు కొనుక్కునేది" అని నవ్వాడు. నేనెప్పుడూ కరపత్రాలు చదువుతుంటానని పెట్టిన పేరది. నేను రాసిన పాట చూపిస్తే చివరిదాకా చదివి, "కోపం బానే ఉంది. ఊపిరెక్కడ తీసుకోవాలి?" అన్నాడు.

జనాజా నమాజు, ఖననం అయిన సాయంత్రమే పార్టీవాళ్లు ఫ్లెక్సీ కట్టారు. అందులో అన్న మొహం కంటే నాయకుడి మొహం పెద్దది. నాకు లారీ మీద కూడా అనుమానమొచ్చింది. అన్న చివరి పాట నకిలీ విత్తనాల మీద. అమ్మినవాళ్లనీ, వాళ్లని కాపాడినవాళ్లనీ రెండు చరణాల్లో కడిగేశాడు. అదే పిన్నితో అన్నాను.

"లారీవాడు నిద్రపోయాడు నాయనా. ఆస్పత్రిలో నా కాళ్ల మీద పడి ఏడ్చాడు. వాణ్ణొదిలెయ్. నీ అనుమానమేదో ఆ పాట మీద పెట్టు" అంది.

ఆమె అన్నట్టే పాటల కంపెనీ మనిషి కారేసుకుని వచ్చాడు. అన్న వాళ్లకి పాట వినిపించాడట, అసలు రికార్డు మాత్రం అన్న ఫోన్లోనే ఉంది, అది కావాలట, నివాళిగా విడుదల చేస్తారట. "ఆ రెండు చరణాలే కాస్త ఘాటుగా ఉన్నాయండి. ఈ సమయంలో బాగోదు."

"మిరపకాయల ఊళ్లోకొచ్చి ఘాటు వద్దంటావేంటయ్యా?" అని మీదికెళ్లాను.

పిన్ని నా చెయ్యి పట్టుకు లాగింది. "నువ్వు కేకలేస్తే పాట మిగులుద్దా? కూర్చో." అతనితో మాత్రం, "రేపు సాయంత్రం రండి బాబూ, ఇస్తాను" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కూడా అనుమానపడ్డాను.

మర్నాడు, మూడోరోజు చదివే ఫాతిహా ప్రార్థన కాకముందే, ఆమె పనికి బయల్దేరింది. నన్నూ రమ్మంది. అక్కడ తొడిమలు తీసే ఆడవాళ్లని చూపిస్తూ అన్న ఫోను నా చేతికిచ్చింది. "వీళ్ల చేతుల నిండా కారం. నువ్వు ఒక్కొక్కళ్ల ఫోన్లోకీ పాట ఎక్కించు. మొత్తం పాట." ఎక్కించాను. ఆ ఫోన్లకున్న కారం నా చేతులకంటి, కళ్లు తుడుచుకుంటే ఇంకా మండాయి. సాయంత్రం కారు వచ్చింది. పిన్ని ఫోనిచ్చేసింది.

కంపెనీ పాట విడుదలైంది. రెండు చరణాలూ లేవు. శ్రద్ధాంజలి అని పెద్దక్షరాలు మాత్రం ఉన్నాయి.

ఇప్పుడు పొద్దున్నే మిరపకోతకు ఆటోలు వెళుతుంటే రోడ్డు మీదికొచ్చి నిలబడుతున్నాను. ఒక ఫోన్లో అన్న పాట అప్పుడే మొదలవుతుంటుంది, వెనక సీట్లో ఇంకో ఫోన్లో కంపెనీ కోసేసిన చరణం నడుస్తుంటుంది. రెండు గొంతులూ అన్నవే. ఒకదానికొకటి అడ్డం పడుతూ, మలుపు తిరిగాక కూడా వినపడుతూనే ఉంటాయి.