గాలి ఆగితే మోగే హారన్

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు, కాకినాడలో ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్న పిల్ల, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. టిఫినైనా ముట్టకుండా నా పక్కన చతికిలబడి, "పెద్దమ్మా, కెర్నెల్లో ఇంటరప్ట్ హ్యాండ్లర్ రిజిస్టర్ చెయ్యమన్నారు. చేశాను, పని చేస్తోంది కూడా. కానీ ఎందుకు చేస్తామో మాత్రం అర్థం కావట్లేదు" అంది. తెర మీద ఆ ఒక్క పంక్తీ చూడగానే నాకు నవ్వాగలేదు. పిల్ల అరగంటలో రాసేసిన ఆ పంక్తిని సరిగ్గా రాయడానికి, పాతికేళ్ళ కిందట, నాకు ఇంచుమించు నెల పట్టింది. ఆ నెలలో నేను పడ్డ అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది.

అప్పట్లో నేను కాకినాడలో ఒక మేడమీద గదిలో, ముగ్గురమే మనుషులం ఉన్న చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. కంప్యూటరు లోపల బిగించే కార్డులు మా సారు తన చేత్తోనే తయారుచేసేవారు, ఉత్తరాలూ కబుర్లూ ఆయన శ్రీమతి చూసుకునేవారు, ఆ కార్డు చెప్పేది కంప్యూటరుకి అర్థమయ్యేలా ప్రోగ్రాము రాయడం నా వంతు. టంకం వాసనా, కింద హోటల్లోంచి వచ్చే పెసరట్టు వాసనా కలిసిపోయి ఆ గదికి ఒక ప్రత్యేకమైన వాసన ఉండేది. మా తరంలో అటువంటి గదుల్లో ఉద్యోగం మొదలుపెట్టినవాళ్ళకి నేను చెప్పేది తెలుస్తుంది.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న మా అక్క భర్త, అంటే మా బావగారు, ఉప్పాడలో సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీ పెట్టారు. పెద్ద షెడ్డులో వరుసగా సిమెంటు తొట్లు, వాటి నిండా కంటికి ఆనీ ఆనని పిల్లలు, ఆ నీళ్ళలోకి పైపుల గుండా ఆగకుండా గాలి ఊదే బ్లోయరు. గాలి ఆగిందంటే కాసేపట్లోనే తొట్టి మొత్తం చచ్చిపోతుంది. అందుకని మేము అక్కడొక కంప్యూటరు పెట్టి, అది అయిదేసి నిమిషాలకోసారి గాలి వస్తోందా లేదా అని, పైపుల్లో గాలిని కనిపెట్టే మా కార్డుని అడిగేలా ఏర్పాటు చేశాం. మంచి పని చేశామనే అనుకున్నాం.

తొట్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళలో పెద్దావిడని అందరూ పిన్ని అనేవారు. ఆ ఊరి గంగపుత్రుల ఇంటి ఆడపడుచు. నీళ్ళలో లేచే బుడగల్ని చూసే గాలి ఎంత వస్తోందో చెప్పగలిగిన మనిషి. ఒక రోజు మధ్యాహ్నం ఆవిడ అన్నానికి వెళ్ళినప్పుడు పైపు ఊడిపోయింది. కంప్యూటరు అంతకు క్షణం ముందే ఒకసారి అడిగి, బాగుందన్న జవాబు తీసుకుని ఊరుకుంది. మళ్ళీ అడిగేసరికి ఒక తొట్టి పోయింది. ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు నుంచి పిన్ని కూర్చుని అన్నం తినడం మానేసింది. గిన్నె చేత్తో పట్టుకుని, తొట్టి పక్కనే నిలబడి, బుడగల్ని చూస్తూ నాలుగు ముద్దలు మింగేది. బావగారికి అది చూడబుద్ధి కాలేదు. నన్ను పిలిచి, "అయిదు నిమిషాలకోసారి కాదమ్మా, ఆగిన క్షణాన తెలియాలి. ఆవిడ కూర్చుని తినాలి" అన్నారు.

అలా వచ్చింది ఇంటరప్టు నా జీవితంలోకి. కంప్యూటరు వెళ్ళి అడగడం కాదు, గాలి తగ్గగానే కార్డే ఒక తీగ మీద ప్రాసెసరుని పిలుస్తుంది. అది చేస్తున్న పని ఆపి, ఆ పిలుపుకని మనం రాసిన చిన్న ప్రోగ్రాముని, అంటే హ్యాండ్లర్ని నడపాలి, అది షెడ్డులో పెట్టిన హారన్‌ని మోగిస్తుంది. ఏ తీగ మీద పిలుపొస్తే ఏ హ్యాండ్లర్ని నడపాలో ముందే, కంప్యూటరు పనులన్నీ చక్కబెట్టే మూల ప్రోగ్రామైన కెర్నెల్‌కి చెప్పి నమోదు చేసుకోవాలి. రిజిస్టర్ చెయ్యడమంటే అంతే. చెప్పుకోవడానికి ఎంత తేలికో చూడండి!

మొదటిసారి కెర్నెల్ నా నమోదుని ఒప్పుకోనే లేదు. ఆ తీగని అప్పటికే ఆఫీసు కంప్యూటరుతో కలిపే నెట్‌వర్కు కార్డు వాడుకుంటోంది. ఇద్దరమూ పంచుకుంటామని ఒప్పందం రాసి, నాదని గుర్తుపట్టే చిహ్నం ఒకటి జతచేసి, రెండోసారి వెళ్ళాను. ఈసారి నమోదైంది. బావగారూ మా సారూ చూస్తుండగా పైపు ఊడదీయించాను. హారన్ మోగింది, దాంతోపాటు కంప్యూటరు కొయ్యబారిపోయింది. మీట నొక్కితే పలకదు, తెర కదలదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మా సారు మాత్రం మీటరు పెట్టి ఆ తీగని పరీక్షించి, మెల్లగా, "నా కార్డు పిలుస్తూనే ఉందమ్మా. విన్నానని నువ్వు దానికి జవాబు చెప్పలేదు" అన్నారు. నిజమే, పిలుపు అందిందని కార్డుకి రాయడం మరిచిపోయాను. అది పిలుస్తూనే ఉంటే, కంప్యూటరు నా హ్యాండ్లర్నే మళ్ళీ మళ్ళీ నడుపుతూ మరే పనికీ తీరిక లేకుండా పోయింది.

అది దిద్దుకుని మూడోసారి వెళ్తే ఇంకో తమాషా. గాలి బ్రహ్మాండంగా వస్తోంది, హారన్ మాత్రం మోగుతోంది. ఆఫీసు గదిలో గుమస్తాగారు తన కంప్యూటర్లోంచి మా కంప్యూటరుకున్న ప్రింటరుకి ఏ కాగితం పంపినా ఇక్కడ కూత. ఆడవాళ్ళు బకెట్లతో సహా పరిగెత్తుకొచ్చేవారు, అన్నీ బాగానే ఉన్నాయని తిరిగెళ్ళేవారు, మళ్ళీ కూత. నాలుగో కూతకి పిన్ని నడుం మీద చెయ్యేసుకుని, "ఏంటమ్మా ఇది, ఆయనగారు కాయితం తీసినప్పుడల్లా మమ్మల్ని పిలుత్తుంది?" అనేసరికి, గుమస్తాగారితో సహా అందరం నవ్వలేక కూలబడ్డాం. నవ్వుతూండగానే నాకు తట్టింది. కాగితం వచ్చేది నెట్‌వర్కు కార్డు గుండా. తీగ పంచుకున్నాక, దాని మీద ఎవరు పిలిచినా కెర్నెల్ ఇద్దరి హ్యాండ్లర్లనీ నడుపుతుంది. పిలిచింది నా కార్డేనా అని ముందు చూసుకుని, కాకపోతే నాది కాదని తప్పుకోవాలి. అక్కడే బల్ల మీద కూర్చుని ఆ రెండు పంక్తులూ చేర్చాను. గుమస్తాగారు వరసగా పది కాగితాలు తీశారు. కుయ్యిమనలేదు!

ఆ తరవాత పది రోజులకి, ఏవో చిన్న మార్పుల కోసం వెళ్ళి, మధ్యాహ్నం షెడ్డు వెనకాల ఆడవాళ్ళతో పాటు పులస కాకపోయినా దానికేం తీసిపోని చేపల పులుసుతో అన్నానికి కూర్చున్నాను. బలవంతం మీద పిన్ని కూడా కూర్చుంది, గుమ్మానికేసి చూస్తూనే. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా హారన్ మోగింది. "గాలాగిపోయిందండోయ్!" అని పిన్ని లేచిన లేవడం, వెనకాలే అందరం, ఎంగిలి చేతులతోనే పరుగు. బ్లోయరు బెల్టు తెగిపోయింది. ఒకరు అక్కరకని ఉంచిన రెండో బ్లోయరు స్విచ్చి వేశారు, ఒకరు వాల్వు తిప్పారు. తొట్లన్నిట్లోనూ ఒక్కసారిగా బుడగలు లేచాయి. పిన్ని వరస పొడుగునా నడిచి ప్రతి తొట్టిలోకీ తొంగి చూసి, ఒక్కటి కూడా పోలేదని నిర్ధారణ చేసుకుని, నా దగ్గరికొచ్చి, పులుసంటిన చేత్తోనే నా గెడ్డం పట్టుకుని, "బతికించేవమ్మా" అంది. తరవాత వెళ్ళి, కాళ్ళు చాపుకుని, మారు వడ్డించుకుని మరీ తింది. ఉద్యోగంలో నాకు దొరికిన మెప్పులన్నిట్లోకీ అదే పెద్దది.

ఇదంతా చెప్పేసరికి మా పిల్ల టిఫిను చల్లారిపోయింది. మొన్నామధ్య ఉప్పాడ మీదుగా వెళ్ళినప్పుడు చూశాను, ఆ షెడ్డున్న చోట ఇప్పుడు సముద్రమే ఉంది. ఒడ్డు కోసుకుపోతుంటే బావగారు హేచరీని ఏనాడో లోపలికి మార్చేశారు. ఆ కొత్త చోట ఇప్పుడు హారన్ లేదు. గాలి తగ్గితే మేనేజరు ఫోన్‌కి సందేశం వస్తుంది, ఆయన వేలితో నొక్కితే చాలు, రెండో బ్లోయరు తిరుగుతుంది. పక్కనున్న మనిషికి కూడా ఏం జరిగిందో తెలియదు. తొట్లకి ఇదే క్షేమం, కాదనను. కానీ ఒక్క కూతకి పదిమందీ అన్నాల ముందునుంచి లేచి పరిగెత్తి, బుడగలు లేవగానే ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం మాత్రం ఇప్పటివాళ్ళకి లేకుండా పోయింది.