బియ్యం బస్తా మీద వైరు చుట్ట

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. కరెంటు మీద ఉంది. రెండూ కంటికి కనిపించవు, రెండూ పట్టుకుంటే వదలవంటారు. కానీ కరెంటుకు మీటరుంటుంది. మీటరు లేని దేన్నీ నేను ఇంతవరకు ఒప్పుకోలేదు. మా చుట్టాల్లో ఒకామెకు పూనకం వస్తే "ఎన్ని వాట్లు?" అని అడిగి అమ్మ చేతిలో దెబ్బలు తిన్నవాణ్ని. అలాంటివాణ్ని కూర్చుని ఇది రాయాల్సి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఇబ్రహీంపట్నంలో మాకు చిన్న టెంట్‌హౌస్ ఉంది. కుర్చీలు, షామియానాలు, పెద్ద గిన్నెలు, ఒక ఐదు కేవీఏ పెట్రోల్ జనరేటర్. జనరేటర్ నా బాధ్యత. జనం దృష్టిలో జనరేటరంటే చక్రాలున్న ప్లగ్గు. ఏం తగిలించినా నడవాలి. మోటరు మొదట తిరిగేటప్పుడు మామూలుగా తాగే కరెంటుకు మూడు నాలుగింతలు తాగుతుందనీ, అందుకే ముందు మోటరొక్కటే వేసి, అది కుదురుకున్నాక ఫ్యాన్లు, ఫ్రిజ్ వేయాలనీ ఎన్నిసార్లు చెప్పానో. పొగ మనిషిని చప్పుడు లేకుండా చంపుతుంది కాబట్టి దాన్ని ఇంటికి దూరంగా పెట్టాలని కూడా చెబుతాను. విని తలూపుతారు. తలూపి, వాన పడుతుందేమో వరండాలో పెట్టమంటారు.

మా నర్సింహ బావ కూడా అదే జాతి. అక్క భర్త. మీర్‌పేట్‌లో అద్దెకుండి, మా ఊరి బయట ఒక వెంచర్‌లో కొత్తిల్లు కట్టుకున్నాడు. చుట్టూ హద్దురాళ్లు తప్ప పక్కిల్లంటూ లేదు. ఆ ఆదివారం వాళ్ల బాబుకు పుట్టెంటికలు. మేనమామను నేనే. పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తిరింపు నేను వేయాలి, గుండు పూర్తయ్యేదాకా కదలకూడదు. టెంటు కూడా నాదే, జనరేటరూ నాదే. మేనమామ అంటే ఉచితంగా వచ్చే సామాను.

పొద్దున పదింటికి వెళ్లేసరికి ఇంట్లో కరెంటు లేదు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే వైరు స్తంభం దగ్గరే కాలి తెగిపోయింది. రాత్రి కోసిన మేకల పేగులు, తలకాయలు రెండు పెద్ద బేసిన్లలో కడగడానికి నీళ్లు లేక అలాగే ఉన్నాయి. ఎండ ఎక్కుతోంది. ఈగలు మాకంటే ముందే విందు మొదలుపెట్టాయి. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో అద్దె కట్టకుండా ఉంటోంది. అందరికీ కావాల్సింది ఒక్కటే: బోరు మోటరు తిరగాలి.

సరైన పద్ధతి ఏమిటంటే, బోరు దగ్గరున్న పెట్టె మూత తీసి, మోటరు వైర్లను ఇంటి నుంచి విడదీసి, జనరేటర్ నుంచి నేరుగా కలపడం. పది నిమిషాల పని. కానీ బావకు మోటరొక్కటే చాలదు. ఫ్యాన్లు తిరగాలి, కూల్‌డ్రింకుల ఫ్రీజర్ నడవాలి, డీజే బాక్సు మోగాలి. పైగా ముహూర్తం దాటిపోతోంది.

"ఇంట్ల ఇంత వైరింగ్ పెట్టుకోని మల్ల బైటికెల్లి వైర్లెందుకు ర? సాకెట్‌ల పెట్టు, ఇల్లంత నడుస్తది" అన్నాడు బావ.

ఇక్కడ ఒక వైరు గురించి చెప్పాలి. దాని రెండు కొసలకూ మగ పిన్నే ఉంటుంది. ఒక కొస జనరేటర్‌లో, రెండో కొస గోడ సాకెట్‌లో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది. మెయిన్ స్విచ్ ఆపడం మరిచారా, అదే కరెంటు ఇంట్లోంచి వెనక్కి నడిచి స్తంభం దాకా పోతుంది. అక్కడ పని చేసేవాడు లైను ఆపుకుని ఎక్కి ఉంటాడు. పాపం, ఆపిన లైనులోకి మళ్లీ కరెంటు ఎక్కణ్నుంచి వచ్చిందని ఆలోచించే సమయం కూడా వాడికి దొరకదు. ఈ వైరు ప్రతి టెంట్‌హౌస్‌లోనూ ఉంటుంది. అడిగితే ఎవరి దగ్గరా ఉండదు. నా దగ్గర వ్యాన్ సీటు కింద ఉండేది.

తీశాను. నీతులన్నీ తెలిసి తీశాను. అది గుర్తొస్తే పేగుల బేసిన్ నయమనిపిస్తుంది.

"మెయిన్ బంద్ చేసినవా బావా?"

"అరె, చేసిన పో! పెద్ద ఇంజినీరు లెక్క అడుగుతున్నవ్. పోయి పీట మీద కూసో."

వెళ్లి చూశాను. వరండాలో మెయిన్ నిజంగానే ఆఫ్‌లో ఉంది. జనరేటర్ ఇంటి వెనుక ప్రహరీ గోడవారన పెట్టి, వైరును సామాన్ల గది కిటికీ ఊచల మధ్య నుంచి లోపలికి వేసి, సాకెట్‌లో గుచ్చాను. మోటరు ఒక్కటే వేయించాను. జనరేటర్ ఒకసారి మూలిగి సర్దుకుంది. తర్వాత ఫ్యాన్లు, ఫ్రీజర్, చివరికి డీజే. బేసిన్లలోకి నీళ్లు పడ్డాయి. ఆడవాళ్లు నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే నా మనసు కీడు శంకిస్తుంది.

పది నిమిషాలైందో లేదో అన్నీ ఆగిపోయాయి. జనరేటర్ మాత్రం నడుస్తూనే ఉంది. గదిలోకి వెళితే పిన్ను సాకెట్‌లో లేదు. గదిలో వదులుగా పడి ఉండాల్సిన వైరంతా చుట్ట చుట్టి బియ్యం బస్తా మీద పెట్టి ఉంది. పిల్లల పని అనుకున్నాను. జనరేటర్ నడుస్తోంది, ఈ కొసన బయటికున్న పిన్నులో కరెంటు! ఏ పిల్లాడి వేలు తగిలినా దావత్ అక్కడితో సరి. నలుగురు పిల్లల్ని వరసగా నిలబెట్టి తిట్టాను. నలుగురూ ఏడ్చారు. ఏ ఒక్కడూ ఒప్పుకోలేదు. మళ్లీ వైరు పరిచి, పిన్ను గుచ్చి, వ్యాన్‌లో ఉన్న మా టెంట్‌హౌస్ తాళం తెచ్చి గదికి వేశాను. ఒక తాళంచెవి నా చొక్కా జేబులో. రెండోది ఊళ్లో మా దుకాణంలో.

ఈలోగా అక్క కేకలు. "ఒరేయ్, వానికి మామవా, పగోడివా? జల్ది రా, అయ్యగారు పోతడంట!"

పీట మీద కూర్చున్నాను. బాబు నా ఒళ్లో. మొదటి మూడు కుచ్చులు కత్తిరించాను. వాడు నా చేతిని కొరికాడు. తర్వాత కత్తి పట్టినాయన గుండు మొదలుపెట్టాడు. నా నోట్లో, ముక్కులో, చెమట పట్టిన మెడ మీద పిల్లాడి వెంట్రుకలు. చేతులకు పెట్రోలు, పసుపు కలిసిన వాసన. చుట్టూ ముప్పై ఫోన్లు మమ్మల్ని వీడియో తీస్తున్నాయి.

సగం గుండు అయ్యింది. అప్పుడు విన్నాను. జనరేటర్ గొంతు తేలికైంది. బరువు మోసే జనరేటర్‌కు ఒక మూలుగు ఉంటుంది, అది పోయింది. డీజే పాట మధ్యలో తెగింది.

"ఏమాయె ర నీ డబ్బా జనరేటర్?" అని బావ అరిచాడు. సగం గుండుతో ఏడుస్తున్న పిల్లాణ్ని అక్క ఒళ్లో పడేసి పరుగెత్తాను.

తాళం వేసినట్టే ఉంది. తీశాను. గదిలో ఎవరూ లేరు. వైరు బియ్యం బస్తా మీద చుట్ట చుట్టి ఉంది.

ఈసారి చుట్టను చేతిలోకి తీసుకుని చూశాను. నాది ఎడమచేతి వాటం. వైరును మోచేతికి, అరచేతికి మధ్య అందరూ చుట్టే వైపుకు ఎదురుగా చుడతాను. చివరి మూరెడు ఆ చుట్ట నడుముకు మూడు చుట్లు వేసి, పిన్నును కింది నుంచి పైకి దూర్చి, దాని ఇత్తడి పళ్లు లోపలికి తిప్పుతాను. మా పనివాళ్లకు ఆ చుట్ట విప్పడం రాదు. "నీ ముడి నువ్వే ఇప్పుకో అన్నా" అని నా మీద విసిరేస్తారు. నా చేతిలో ఉన్నది అదే చుట్ట. ఎడమ వైపుకు. మూడు చుట్లు. పిన్ను కింది నుంచి పైకి.

భయపడ్డానని చెప్పలేను. నా ఎంగిలి గ్లాసులో ఎవరో తాగినట్టు అనిపించింది.

అయినా నా బుద్ధి చూడండి. బయట నీళ్లు నీళ్లని కేకలు. నేను ముడి విప్పి పిన్నును సాకెట్ దగ్గరికి తీసుకెళ్లాను. జానెడు దూరం. అప్పుడు కిటికీలోంచి కనిపించాయి. ప్రహరీ అవతల స్తంభం మీద రెండు కాళ్లు. కింద ఒక జత చెప్పులు. లైన్‌మన్ యాదగిరన్న బావ ఇంటి వైరు కాలిన కొసను ఉత్త చేత్తో పట్టుకుని, కటింగ్ ప్లేయర్‌తో తోలు తీస్తున్నాడు.

పిన్నును నేల మీద పెట్టాను. వెళ్లి జనరేటర్ ఆపాను. తర్వాత వరండాలోకి వెళ్లి మెయిన్ చూశాను. ఆన్‌లో ఉంది.

బావ అక్కడే ఉన్నాడు. నేను నోరు తెరవకముందే చెప్పాడు. "ఫస్టు బంద్ చేసిన ర. నువ్వు పోయినంక మల్ల ఆన్ పెట్టిన. బంద్ ఉంటే కరెంట్ వచ్చింది ఎట్ల తెలుస్తది మనకు?"

లైన్‌మన్‌కు ఫోన్ చేసిందీ ఆయనే. జనరేటర్ పెట్టామని చెప్పలేదు. వచ్చాడని నాకూ చెప్పలేదు.

యాదగిరన్నను కిందికి దింపి విషయం చెప్పాను. ఆయన స్తంభం మొదట్లో మట్టిలోనే కూర్చుండిపోయాడు.

"తెగిన వైరు గదా అని ఊకె పట్టిన" అన్నాడు. "ఫోన్ల జనరేటర్ ఉందని ఒక్క ముక్క చెప్పాలె గద నర్సింహా?"

"నువ్వడగలే గదనే" అన్నాడు బావ.

"సాయంత్రం బిడ్డను హాస్టల్‌ల దింపాలె" అని మాత్రం అన్నాడు యాదగిరన్న, ఎవరితో అంటున్నాడో తెలియకుండా.

అందరి ముందూ ఆ వైరు రెండో పిన్నును కోసేశాను. "మంచి వైరు ఖరాబ్ చేస్తున్నవ్" అన్నాడు బావ. బోరు పెట్టె మూత తీసి, మోటరును విడదీసి, జనరేటర్ నుంచి నేరుగా కలిపాను. పది నిమిషాలే పట్టింది. పది నిమిషాలు. యాదగిరన్న మెయిన్ తన చేత్తో ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, మళ్లీ ఎక్కి పని పూర్తి చేశాడు. తినకుండా వెళ్లిపోయాడు. నేనూ తినలేదు. మిగతా రెండు వందల మంది శుభ్రంగా తిన్నారు.

తర్వాత చుట్టాలు తలా ఒక దేవుణ్ని పంపిణీ చేశారు. ఎల్లమ్మ అని అక్క అత్తగారు. చనిపోయిన మా తాత అని ఇంకొకరు. తాత బతికుండగా బల్బు మార్చిన పాపాన పోలేదు. డీజే అతను ఎలుక అన్నాడు. ఎలుక పిన్ను పీకుతుందేమో. మూడు చుట్లు చుట్టి ముడి వేస్తుందా?

నాకు తోచినవన్నీ నేనూ చేసి చూశాను. వారం తర్వాత వెళ్లి కిటికీ బయట నుంచి కర్రతో, ఇనప కొక్కెంతో గంటసేపు ప్రయత్నించాను. పిన్ను ఊడదీయగలిగాను. చుట్ట చుట్టలేకపోయాను. దుకాణంలోని రెండో చెవి మేకుకే ఉంది, ఆ రోజు దుకాణమే తెరవలేదు. పీట దగ్గర తీసిన వీడియోలన్నీ తెప్పించుకుని చూశాను. ఒకదాంట్లో షామియానా అంచు పైన స్తంభం తల కనిపిస్తుంది. పాట ఆగుతుంది. యాదగిరన్న చెయ్యి వైరు వైపు సాగుతుంది. పాట ఆగడానికి, చెయ్యి పడటానికి మధ్య నేను నాలుగంకెలు లెక్కపెట్టగలను. ఆ నాలుగంకెలూ నేను పీట మీదే ఉన్నాను. ఒళ్లో పిల్లాడు, నోట్లో వెంట్రుకలు, రెండు చేతులూ అందరికీ కనిపిస్తూ.

ఇప్పుడు ఎవరింట్లో వేయాలన్నా ఒకేసారి ఒక్క కరెంటునే ఇంట్లోకి వదిలే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ కలపను. అది బుద్ధి వచ్చి కాదు, ఆ చుట్టను మళ్లీ చూడటం ఇష్టం లేక.

ఆ ముడి వేయడం తెలిసినవాడు ఈ ఊళ్లో ఒక్కడే. వాణ్ని అద్దంలో చాలాసార్లు నిలదీశాను. వాడికీ తెలియదట.