అక్క అడగమన్న ఒక్క మాట

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కేసముద్రం దగ్గరి ఒక ఊళ్ళో బాణామతి అనే చేతబడి చేసిందని ఒక ముసలామెను కట్టేస్తే, పొద్దంతా ఊరితో వాదించి విడిపించినవాణ్ణి. ఇది చదివి నేను మారిపోయానని ఎవరూ సంబరపడనక్కర్లేదు. రాస్తున్నది నా తప్పు గురించి.

మా బావ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. నలభై ఏళ్ళ నూలు దుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసింది. పోయిన చలికాలం ఊపిరాడక పడిపోతే ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాం. నోట్లో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. లోపలికి రోజుకు ఒక్కరినే, అదీ పావుగంట రానిచ్చేవారు. చూసి తట్టుకోలేనని అక్క నన్నే పంపేది. ఆ గదిలో ఆమె ఒక్కసారీ అడుగుపెట్టలేదు.

ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందును ఆవిరి చేసి వెంటిలేటర్ గొట్టంలోకి పంపేవారు. నర్సు చిన్న డబ్బీలో మందు పోయగానే తెల్లటి పొగ కదిలేది. అది చూస్తే నాకు ధైర్యంగా ఉండేది. మందు బాగా పోతోందని బయటికొచ్చి చెప్పేవాణ్ణి.

మూడో రోజు మధ్యాహ్నం, వరండా బెంచీ మీద కునుకు తీసిన అక్క ఉలిక్కిపడి లేచింది.

"తమ్మీ, మీ బావ కలలకొచ్చిండు. మందు నాదాక వస్తలేదు, నడుమ తెల్లబట్ట అడ్డమున్నది, తీయిమను అంటాండు."

"నోట్లె గొట్టమున్నోడు ఎట్ల మాట్లాడిండే?" అన్నాను. తనవాళ్ళ కోసం మా పక్కనే కాచుకున్న ఒక మరిపెడ రైతు నవ్వాడు.

"ఏమో. జర ఆ సిస్టరమ్మను అడుగరాదు."

"అడిగితే నన్నుగూడ పక్క మంచంల పండవెడ్తరు."

మర్నాడు అక్క మళ్ళీ అదే మాట అంది. అడిగాననీ, అంతా మంచిగనే ఉందన్నారనీ అబద్ధం చెప్పాను.

ఐదో రోజు కొత్త నర్సు డ్యూటీకి వచ్చింది. నేను మంచం పక్కనే ఉన్నాను. మందు పోయబోతూ ఆగి, బావ నోటి దగ్గర గొట్టానికున్న ప్లాస్టిక్ బిళ్ళను ఊడదీసింది. అది గాలిలో తేమను నిలిపే ఫిల్టర్. ఆవిరి మందు ఇచ్చేటప్పుడు దాన్ని తీసి పక్కన పెట్టాలట.

"తియ్యకుంటనే ఇచ్చినట్టున్నరు సార్. మందంత ఇందులనే ఆగింది," అంది.

లోపల తెల్లబట్టలాంటి పొర తడిసి ముద్దయి ఉంది.

ఆ పూట బావ ఊపిరి కొంత తేలికపడింది. రెండు రోజులకు పోయాడు. ఊపిరితిత్తులు ముందే పాడయ్యాయి, ఫిల్టర్ వల్లనే అని చెప్పలేం అన్నాడు డాక్టర్. దానివల్ల కాదని కూడా అనలేదు.

అక్కకు ఎలా తెలిసిందో ఎంత ఆలోచించినా అంతు దొరకలేదు. సిబ్బంది మాట ఏదైనా చెవిన పడిందా అని అడిగాను. లేదంది. నేను చెప్పి ఉండే వీలు లేదు, అలాంటి ఫిల్టర్ ఒకటుందని నాకే తెలియదు. యాదృచ్ఛికం అనుకుందామంటే ఆ తెల్లబట్ట అడ్డం వస్తుంది.

ఆమె తాయెత్తు కట్టమనలేదు, భూతవైద్యుణ్ణి పిలవమనలేదు. మందు అందుతోందా అని అడగమంది. కల ఊసెత్తకుండానే అడిగి ఉండవచ్చు. చెప్పినవాళ్ళను కాదు, చెప్పినదాన్ని పరీక్షించాలని సభల్లో అరిచేవాణ్ణి, కలలోంచి వచ్చిందన్న ఒక్క కారణంతో నోరు విప్పలేదు.

దినాల నాడు అక్క చుట్టాలతో, "మా తమ్ముడు అడిగిండు పాపం, ఆళ్ళే ఫికర్ జెయ్యలే," అంటుంటే తల దించుకొని విన్నాను.

నేను అడగనే లేదన్న నిజం అక్కకు ఇంకా చెప్పలేదు.