ఇండూరులో చదివిన కథ

యుద్ధం వచ్చాక తమిళ సీమలోని మా ధర్మపురి హోటళ్ళలో కాఫీకి చక్కెర తగ్గించారు. దాన్ని నేను ఇంకా క్షమించలేదు.

ఆ రోజుల్లోనే మా పత్రికాధిపతి నాకు మూడు కథల డబ్బు బాకీ పడ్డాడు. అడిగినప్పుడల్లా కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచేవాడు. ఆ అద్దాలు ఎప్పుడూ తళతళలాడుతుండేవి. శుక్రవారంలోగా బాడుగ కట్టకపోతే నా పెట్టె వీధిలో పెడతానని ఇంటివాడు చెప్పడంతో పత్రికాధిపతిని గట్టిగా పట్టుకున్నాను.

“ఇండూరికి రా తమ్ముడూ. అక్కడ చందాలు వచ్చేది ఉండాది. నీ చేతిలోనే పెట్టేస్తా,” అన్నాడు.

ఇండూరు రైతులు ఇంట్లో మాట్లాడేది తెలుగే కాని, బడిలో నేర్చింది తమిళ అక్షరాలు. అందుకని ఈయనే ఊరికొక ప్రతి తీసుకుపోయి చదివి వినిపించేవాడు. ఆ సాయంత్రం నా కథ చదివాడు. నేను రాసినదానికంటే బాగానే చదివాడు. జనం నవ్వారు. నేను మాత్రం శుక్రవారాన్ని తలచుకుంటూ చాపమీద అటూ ఇటూ కదులుతున్నాను. చివరికి ఆయన తువ్వాలులో పడినవి రెండు శేర్ల రాగులు, కాస్త చింతపండు.

ఉండబట్టలేక లేచి, కథ రాసింది నేనని, నాకు డబ్బు రావాలని అందరికీ చెప్పాను. ఆయన అద్దాలు తీశాడు.

ముందు కూర్చున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“గొంతు ఎండేట్టు చదివినాయనకు ఇచ్చినాము గదా. నువ్వు ఊరికే కూచోని ఉంటివి. నీకెందుకు ఇయ్యాల నాయనా?”