ట్యాంకర్ రాని సాయంత్రం

నా చిన్నప్పుడు మాదాపూర్‌లో నీళ్ల ట్యాంకర్ వచ్చిందంటే పండుగ వచ్చినట్టే ఉండేది. అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్న కాలం అది. ఆ మేడల పనికి మా అమ్మానాన్నలు పాలమూరు వైపు నుంచి వచ్చి, బండరాళ్ల పక్కనున్న రేకుల గదుల వరుసలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. కేక వినపడితే చాలు, తల దువ్వుకుంటున్నవాళ్లు దువ్వెన జుట్టులోనే ఉంచుకుని బిందెలతో పరుగెత్తేవారు. కాస్త ఆలస్యమైతే అడుగున మిగిలిన తుప్పు నీళ్లే గతి.

ఆ కేక వేసే పనిని, ఎవరూ అప్పగించకుండానే నెత్తిన వేసుకున్నది మా పక్కింటి అక్క. ఆమె గొంతు పెద్దది, కోతలు అంతకంటే పెద్దవి. బండల వెనక చిరుతపులిని చూశానని ఒకరోజు, మేడ పైనుంచి చార్మినార్ చూశానని ఇంకోరోజు చెప్పేది. మా నానమ్మకు ఆమె మాటంటే బొత్తిగా గురి లేదు. "ఆ పిల్ల చెప్పిన దాంట్ల సగం తీసెయ్, ఉన్న సగం మర్చిపో" అనేది. నాకు మాత్రం అక్కంటే ప్రాణం.

మా వరుసకు ఎగువ చివర ఒక పెద్ద షెడ్డు ఉండేది. కొత్త ఆఫీసులకు బల్లలు, తలుపులు చేసి అక్కడే పాలిష్ పెట్టేవారు. అక్క ఆ షెడ్డులో చెక్కలకు గరుకు కాగితం రుద్దే పనికి పోయేది. షెడ్డు గోడ దగ్గర మొదలైన మురికి నీళ్ల మోరీ అన్ని గదుల గడపల ముందు నుంచి పల్లానికి పారి, చివరిదైన మా గది ముందు కాస్త నిలిచి, రోడ్డు కిందికి పోయేది. ఊరందరి అంట్ల నీళ్ల వాసనా మన ముక్కుకేనా అని నానమ్మ రోజూ గొణిగేది.

ఒక సాయంత్రం అక్క, నీళ్లు కాచుకోవడానికి చెక్కపొట్టు తెచ్చుకుందామని సంచి పట్టుకుని షెడ్డుకు బయలుదేరి, నన్నూ వెంట తీసుకుపోయింది. అమ్మానాన్నలు ఇంకా పని నుంచి రాలేదు. నానమ్మ కిరోసిన్ స్టవ్వు మీద అన్నం పెట్టింది. తలుపు పక్కన కట్టిన చీర ఉయ్యాలలో తమ్ముడు నిద్రపోతున్నాడు.

మేము వెళ్లేసరికి ఆటోట్రాలీలోంచి థిన్నర్ డ్రమ్ములు దింపుతున్నారు. పాలిష్‌ను పలచన చేసేది అదే. చూడటానికి అచ్చం నీళ్లలా ఉంటుంది, గోళ్ల రంగు సీసా మూత తీస్తే వచ్చే వాసన వస్తుంది. ఒక డ్రమ్ము పనివాడి చేతుల్లోంచి జారి నేల మీద పడింది. మూత ఊడిపోయి, లోపలున్నదంతా గలగలా మోరీలోకి దిగింది.

కంగారులో అతను కడిగేద్దామని నీళ్ల బకెట్ ఎత్తాడు. అక్క బకెట్ అంచు పట్టుకుని ఆపింది. "నీళ్లు పొయ్యకు తమ్మీ, అది తేలుకుంట ఇంక ముందుకు పోతది. ఉసికె పొయ్యి" అంటూ గోడ పక్కనున్న ఇసుక చూపించింది. మరొకడు ఫ్యాను ఆపడానికి లోపలికి పోతుంటే, స్విచ్చు ముట్టకు, ఉన్నది ఉన్నట్టు వదిలి బయటికి రమ్మంది. అదే షెడ్డులో అంతకుముందు ఒకసారి స్విచ్చు దగ్గరే మంట లేచింది. అక్క మోచేతి మీద ముడతపడ్డ మచ్చ అప్పటిదే. మేము అడిగితే మాత్రం పులి గీరిందని చెప్పేది.

అప్పటికే చాలా భాగం మోరీలో పల్లానికి వెళ్లిపోయింది. ఆ పల్లం ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. నానమ్మా అని అరుస్తూ మోరీ వెంట పరుగు తీయబోయాను. అక్క నా జడ పట్టి వెనక్కి లాగింది. కళ్లలో నీళ్లు తిరిగేంత నొప్పి పుట్టింది.

"అటు పోకు. దీని ఆవిరి కండ్లకు కనపడది. నేల పొంటి పాక్కుంట పోయి పొయ్యిని పట్టుకుంటది."

నేను పల్లం వైపు చూశాను. వరుస పొడవునా అన్ని గదుల్లోనూ సాయంత్రం వంటలు మొదలయ్యాయి.

మంటలు మంటలు అని అక్క అరుస్తుందని అనుకున్నాను. ఆమె అరవలేదు. కొన్నాళ్ల కిందట ఒక గుడిసె మీది టార్పాలిన్ అంటుకున్నప్పుడు ఎవరో అలా అరిస్తే, వాడ వాడంతా చూడటానికి మంట దగ్గరికే ఉరికింది. అక్క నన్ను ఈడ్చుకుంటూ గట్టెక్కి, గదులకు దూరంగా రోడ్డు మీద నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి కేక వేసింది.

"ట్యాంకరొచ్చింది. ఇయ్యాల రెండు ట్యాంకర్లు. స్టవ్వులు బంద్ చేసి, ఉన్న బిందెలన్నీ పట్టుకొని రోడ్డు మీదికి రాండ్రి."

రెండు ట్యాంకర్లంటే ఇంట్లో ఎవరు నిలుస్తారు? కిరోసిన్ ఊరికే కాలితే ఎవరి ప్రాణం ఊరుకుంటుంది? టపటపా స్టవ్వులు ఆరాయి. పిల్లల్ని చంకనేసుకుని, బిందెలు మోగించుకుంటూ అందరూ మోరీ దాటి గట్టెక్కారు. నానమ్మ మాత్రం రాలేదు. మోకాళ్ల నొప్పులతో ఆమె ఏనాడూ ట్యాంకర్ దగ్గరికి రాలేదు, నీళ్లు తెచ్చేది నేను, అమ్మ. ఆ సంగతి అక్కకూ అప్పుడే గుర్తొచ్చింది. ఆమె ముఖం పాలిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నన్ను చంకనేసుకుని వరుస వెనక వైపుకు పరుగెత్తింది. మా గది వెనక గోడకు, ఎత్తుగా ఒక చిన్న కిటికీ ఉండేది. దాని కింద నిలబడి ఈసారి ఉన్నదున్నట్టు చెప్పింది. లోపలి నుంచి నానమ్మ తాపీగా జవాబిచ్చింది. "ఇప్పుడే రెండు ట్యాంకర్లంటివి, గింతల్నే మంటలంటున్నవ్. పో బిడ్డా, నా అన్నం ఉడుకుతున్నది."

అక్క నన్ను భుజాల మీద నిలబెట్టి, నువ్వు చెప్పు అంది. కిటికీ చువ్వలు పట్టుకుని లోపలికి చూశాను. స్టవ్వు మీద నీలం మంట, దాని పక్కన నానమ్మ, తలుపు దగ్గర కదలని ఉయ్యాల. ఏడుపులోనే పొయ్యి, పొయ్యి అన్నాను. నానమ్మ తలెత్తి నా ముఖం చూసింది. వత్తులు దించి, ఉఫ్ మని ఊది, ఉయ్యాలలోంచి తమ్ముడిని ఎత్తుకుంది. అన్నం సగం ఉడికి ఉండగా గిన్నె వదిలి ఆమె గడప దాటడం నా ఎరుకలో అదే మొదలు.

అక్క చుట్టూ తిరిగి ఎదురుపోయి తమ్ముడిని అందుకుంది. అందరం రోడ్డెక్కేసరికి అక్కడ తిట్లు మొదలయ్యాయి. ట్యాంకర్ ఏదే, మా పొయ్యిలు ఆర్పించి పరాచికాలాడుతున్నవా అని ఒకామె అక్క మీదికి వచ్చింది. ఇంకొకామె బిందె చంకనెత్తుకుని వెనక్కి దిగబోయింది.

స్టవ్వులు అందరూ ఆర్పారు. నడిమి గదిలో దేవుడి ముందు వెలిగించిన దీపం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. భగ్గుమంది. మంట మోరీ వెంట పైకీ కిందికీ ఒకేసారి పాకింది. మా తలుపు పరదా అంటుకుంది, దాని పక్కనే ఖాళీగా వేలాడుతున్న ఉయ్యాల చీర అంటుకుంది. నానమ్మ చేయి నా భుజం మీద బిగుసుకుంది.

అందరి చేతుల్లోనూ బిందెలున్నాయి, ఒక్క దాంట్లోనూ చుక్క నీళ్లు లేవు. అదీ మంచిదే అయింది. అక్క రోడ్డు పక్కన మేడ కోసం పోసిన ఇసుక గుట్ట చూపించింది. ఆడవాళ్లు బిందెలతో ఇసుక మోస్తే, మగవాళ్లు మంటకు దూరంగా, మోరీ రోడ్డు కిందికి దిగే చోట కట్ట వేశారు. గదుల వైపు ఎవరినీ పోనివ్వలేదు. ఫైరింజన్ వచ్చి నురగ చల్లేదాకా గట్టు మీదే నిలబడ్డాం. రెండు మూడు తలుపులు, మా పరదా, ఉయ్యాల కాలిపోయాయి. మనిషికి మాత్రం ఏమీ కాలేదు.

ఆ తర్వాత కూడా నానమ్మ అక్క మాటల్లో సగం తీసేస్తూనే ఉండేది. ఉన్న సగం మాత్రం మర్చిపోయేది కాదు. మా వరుసలో ఒక అలవాటు కూడా స్థిరపడింది. ట్యాంకర్ కేక వినపడితే చేయి ముందు స్టవ్వు మీదికి, ఆ తర్వాతే బిందె మీదికి పోయేది.

ఆ ఉయ్యాలలో పడుకున్న మా తమ్ముడు ఇప్పుడు ఒక అద్దాల మేడలో పని చేస్తున్నాడు. మంటల సైరన్ మోగినా తోటి ఉద్యోగులు టీ తాగడం ఆపరని, కంప్యూటర్ తెర మీంచి తల ఎత్తరని విసుక్కుంటాడు. ఎత్తరు మరి. సైరన్ కూస్తుందే కానీ, ఏం చేయాలో చెప్పదు కదా. నువ్వే ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, లేచి మెట్ల దారి పట్టమని చెప్పరా అంటాను. భయం ఒక్కటే చేతిలో పెడితే మనిషి ఎటు ఉరుకుతాడో ఎవరికీ తెలియదు. అక్క ఆరోజు ఎవరికీ భయాన్ని ఇవ్వలేదు, ఒక పని ఇచ్చింది. భయాన్నంతా తన దగ్గరే దాచుకుంది.

నేనిప్పుడు మూసాపేటలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. తల నెరుస్తోంది. ఎండాకాలం వస్తే మా సందులోకీ ట్యాంకర్లు వస్తాయి. నీళ్లు నేరుగా సంపులోకి పోతాయి, బిందెతో పరుగెత్తే పని లేదు. అయినా ఆ హారన్ వినగానే నా చేయి తనంతట తానే స్టవ్వు ఆపేస్తుంది. పాలు పొంగబోతున్నా సరే. ఆపి, వెనక గదిలోకి ఒకసారి తొంగి చూస్తాను, లోపల ఎవరైనా మిగిలిపోయారేమోనని.