ఊలు చిలక కుట్టిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు బెంగాల్‌లోని నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో యార్డులో ప్రమాదం సైరన్ మోగిందంటే ఆడవాళ్లు ముందు పొయ్యి ఆర్పేవారు. తర్వాత తలుపు బార్లా తీసి గుమ్మంలో కూర్చునేవారు. చెడు కబురు తెచ్చినవాడి చేత తలుపు కొట్టించుకోకూడదని మా లైన్లో ఒక పట్టింపు. శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చిన మా తాతల నాటిది కాబోలు. యార్డుకి పరుగెత్తడం మాత్రం ఎవరూ చేసేవారు కాదు. వెళ్లినా గేటు దగ్గరే ఆపేస్తారు, ఈలోగా కబురు ఇంటికొస్తే అందుకోవడానికి మనిషి ఉండదు.

ఆ రోజు సైరన్ భోజనాల వేళకి మోగింది. మా నాన్న యార్డులో వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే పనిలో ఉండేవారు. పక్కింటి అక్క భర్తదీ అదే పని, అదే డ్యూటీ. మా రెండిళ్లకీ కలిపి ఒకటే వరండా, ఒకటే మెట్లు. సైకిలు మీద పోతున్న ఒకాయన వ్యాగన్ల మధ్య మనిషి ఇరుక్కున్నాడని కేకేసి చెప్పాడు. ఎవరని అడిగితే తెలియదంటూ వెళ్లిపోయాడు. పేరు కనుక్కోకుండా ఆ ముక్క మోసుకొచ్చినందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

అమ్మ వరండా స్తంభం పట్టుకుని వీధి చివరికే చూస్తూ నిలబడిపోయింది. నేను ఆమె కుచ్చిళ్లు పట్టుకుని, నాన్న వస్తారా, ఇరుక్కున్నది నాన్నేనా అని అడిగిందే అడుగుతున్నాను. పక్కింటి అక్క కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆమే నా చెయ్యి పట్టి లాగి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆమె ఒళ్లో చిల్లుల ప్లాస్టిక్ షీటు ఉంది. గోల్ బజార్‌లో కొని, గుమ్మం పక్క గోడకి తగిలించడానికి చిలక ఆకారంలో కత్తిరించుకుంది. తోక విడి ముక్క. పాత స్వెట్టరు విప్పిన ఊలుని మొద్దు సూదికి ఎక్కించి, ఒక చిల్లులోంచి పైకి తీసి, ఏటవాలుగా పక్క చిల్లులోకి దించాలి. అంతే పని. బట్ట మీద కుట్టులాగా వారాలు పట్టదు, ఒక పూటలో గోడకెక్కుతుంది. నాకు సూది పనంటే మహా చిరాకు. అది తెలిసీ నా చేతిలో రెండో సూది పెట్టింది.

"తోక నువ్వు కుట్టు. ముడెయ్యకు, ఊలు కొసని ఎనకాల కుట్ల కింద తోసీ. మీ నాన్నొచ్చీసరికి గోడకెట్టీసి సూపిద్దాం," అంది.

ఆ 'వచ్చీసరికి' అన్న మాటను పట్టుకుని కుట్టడం మొదలుపెట్టాను. చిల్లు తప్పితే విప్పించేది. "ఏటిది, కోడి గెలికినట్టుంది," అని వెక్కిరించేది. చిత్రం ఏమిటంటే, కళ్లు చిల్లుల మీద ఉన్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. తలెత్తితే వచ్చేది, ఆమె తలెత్తనిచ్చేది కాదు.

కాసేపటికి ఆమె కుడుతున్నది చూశాను. ఆకుపచ్చ ఉండాల్సిన రెక్కంతా ఎర్ర ఊలుతో నింపేస్తోంది. వేళ్లు చకచకా ఆడుతున్నాయి గానీ చూపు అక్కడ లేదు.

"అక్కా, రెక్కకి ఎరుపు కుడతన్నావు," అన్నాను.

ఆమె చూసుకుంది. "ముక్కుకని అట్టిపెట్టినాను ఆ ఊలు. ఉండనీ, ఎర్ర రెక్కలున్నా సిలకే కదే," అంది. మళ్లీ ఆ ఎర్ర ఊలే సూదికి ఎక్కించింది. తన మనిషి కూడా ఆ యార్డులోనే ఉన్నాడన్న సంగతి నాకు అప్పుడు గానీ తట్టలేదు. ఆ తర్వాత నాన్న గురించి అడగడానికి నోరు రాలేదు.

వీధి మలుపులో ఇంకో సైకిలు కనిపించింది. డ్యూటీ కబుర్లు తెచ్చే బెంగాలీ దాదా. మామూలుగా గంట కొట్టుకుంటూ వచ్చేవాడు, ఆ రోజు కొట్టలేదు. మొదటి గుమ్మం దాటాడు, అక్కడ కూర్చున్నామె కళ్లు మూసుకుంది. తర్వాతి గుమ్మమూ దాటాడు. మా మెట్ల దగ్గర దిగాడు. రెండిళ్లకీ అవే మెట్లు కదా, ఎవరికోసం దిగాడో తెలియదు. సైకిలు స్టాండు వేసేంతసేపూ అతను ఎవరి ముఖమూ చూడలేదు. అమ్మ స్తంభం వదిలి నా భుజం పట్టుకుంది, గోళ్లు దిగాయి. దాదా ముఖం తుడుచుకుని అక్క వైపు తిరిగాడు.

"బౌదీ, మీరు చలో. మీ ఆయన జిందా హై, బతికే ఉన్నాడు. పాదం నలిగింది, హాస్పిటల్‌కి తీసుకెళ్లారు," అన్నాడు తనకొచ్చిన తెలుగులో, ఆమెని వదిన వరసలో పిలుస్తూ. మా నాన్న క్షేమమనీ, అతన్ని బయటికి లాగినవాళ్లలో ఆయనా ఉన్నారనీ అమ్మకి చెప్పాడు.

నాకు నవ్వొచ్చింది. ప్రాణం లేచొచ్చిన సంతోషంతో కడుపులోంచి తన్నుకొచ్చింది. అక్క ముఖం చూడగానే రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ఆమె లేచి చెప్పులు వేసుకుంది. మెట్టు దిగబోతూ నన్ను చూసి ఆగి, నా చేతులు నోటి మీంచి తీసింది.

"మీ నాన్నకి ఏటీ అవనేదు. నవ్వీ అమ్మీ. నన్ను సూసి ఆపుకోకు," అంది. ఆమె కళ్లనిండా నీళ్లు. అమ్మ ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

అక్క భర్త పాదం తీసేశారు. తర్వాత ఆఫీసులో కూర్చుని చేసే పని ఇచ్చారు, వాళ్ల సంసారం నిలబడింది. తన మనిషి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్కింటి పిల్లని నవ్వమనడం ఎంత కష్టమో మాత్రం నాకు చాలా ఏళ్ల దాకా తెలియలేదు.

కరోనా రోజుల్లో మా ఆయన ఆసుపత్రిలో ఉంటే, బయట షామియానా కింద నా పక్క కుర్చీలో ఒక బెంగాలీ ఆవిడ కూర్చునేది. ఆవిడ భర్తదీ అదే వార్డు. ఒక పొద్దున్న మా ఇద్దరికీ ఒకేసారి కబురొచ్చింది. ఆవిడ భర్తను మర్నాడు ఇంటికి పంపిస్తామన్నారు. మా ఆయన తెల్లవారుజామునే పోయారన్నారు. మాస్కు పైన ఆవిడ కళ్లు వెలగబోయి, నన్ను చూసి చప్పున కిందికి వాలిపోయాయి. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, ముందు పిల్లలకి ఫోన్ చేసి చెప్పమన్నాను. అవతలి నుంచి పిల్లల కేరింతలు వినిపించేదాకా ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత కూర్చుని మా ఆయన కోసం ఏడ్చాను.